ముసోండా తరఫున

ఆ మంగళవారం మూడో పీరియడ్ మధ్యలో చంద్రిక టీచర్ ఫోన్ మోగింది. టీచర్ విన్నారు. బోర్డు మీద లెక్క సగంలోనే ఆగిపోయింది.

"సిస్టర్ సుగుణమణి చనిపోయారు," అన్నారు. "నాలుగు రోజులుగా జ్వరమట."

సిస్టర్ ఒకప్పుడు నాంపల్లిలోని ఈ బడిలోనే టీచరుగా ఉండేవారు. మూడేళ్ళ కిందట ఆఫ్రికాలోని జాంబియాకు వెళ్ళారు. అక్కడ అమ్మానాన్నలు లేని పిల్లల హాస్టల్లో పాఠాలు చెప్పేవారు, తలలు దువ్వేవారు, జ్వరమొస్తే పక్కన కూర్చునేవారు.

వెళ్ళేముందు ఆమె ఒక అలవాటు పెట్టారు. ఆరో తరగతి హాజరు పట్టీ చివర అక్కడి పిల్లల పేర్లు ఎనిమిది ఉంటాయి. ఆ పేర్లు పిలిచినప్పుడు ఇక్కడి పిల్లలు వాళ్ళ తరఫున "ప్రెజెంట్" అనాలి. అక్కడి పిల్లలు ఇక్కడి వాళ్ళ తరఫున అంటారు. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే జతగా ఉన్న పిల్ల ఇంటికి మెసేజ్ వస్తుంది. అప్పుడు మాత్రమే "ఆబ్సెంట్" అనాలి. క్లాసంతా ఆ పిల్ల కోసం ఒక నిమిషం లేచి నిలబడుతుంది.

ఆ తరగతిలోనే చదివే లోయిస్ వంతుకు వచ్చిన పేరు ముసోండా. ఇద్దరికీ పదకొండేళ్ళు. అక్కడ హాజరు పిలిచేసరికి ఇక్కడ పదకొండు గంటలవుతుంది. సరిగ్గా అప్పుడే లోయిస్ ఎడమ చెవి జివ్వుమనేది.

"ముసోండా నా పేరు చెప్పింది," అనేది లోయిస్.

"చెవిలో చీమ దూరింది నీకు," అనేవాడు పక్క బెంచీ అఖిలేష్.

బుధవారం అఖిలేష్ నవ్వలేదు. "ఇంక గాడ ఎవరు వింటరే? సిస్టరే లేదాయె," అన్నాడు.

లోయిస్ కిటికీ వైపు తిరిగింది. క్రిస్మస్‌కు తప్పకుండా వస్తానని చెప్పారు సిస్టర్. మాట ఇచ్చి రాకపోవడమేంటి?

"ముసోండా," అని పిలిచారు టీచర్.

"ఆబ్సెంట్," అంది లోయిస్.

టీచర్ తలెత్తారు. "మెసేజ్ వచ్చిందా?"

"ఔ టీచర్."

మామూలుగా అయితే టీచర్ ఇంకో ప్రశ్న అడిగేవారు. ఆ రోజు అడగలేదు. ముసోండా పేరు పక్కన గుర్తు పెట్టారు. అందరూ లేచి ఒక నిమిషం నిలబడ్డారు. లోయిస్ కూడా నిలబడింది. ఆ నిమిషం ఎంతకీ అయిపోలేదు.

పదకొండైంది. చెవి జివ్వుమనలేదు. లోపల ఎవరో తలుపు మూసినట్టుగా ఉంది.

మధ్యాహ్నం డ్రాయింగ్ సార్ పుస్తకాలు పంచారు. అందరికీ వచ్చాయి, లోయిస్‌కు తప్ప. చెయ్యెత్తింది. సార్ ఆమె వైపే చూస్తూ, "ఇంకెవరూ లేరు కదా," అని కూర్చున్నారు.

సాయంత్రం గేటు దగ్గర ఆటో రవికిరణ్ అన్న పిల్లల్ని లెక్కపెట్టాడు. "నాలుగు, ఐదు, ఆరు. అందరొచ్చిన్రు, పాండి." లోయిస్ అతని మోచేతి పక్కనే నిలబడి ఉంది.

"అన్నా, నేనున్న," అంది. ఆటో వెళ్ళిపోయింది.

లోయిస్ అబిడ్స్ దాకా నడిచింది. ఫుట్‌పాత్ మీద జనం ఆమెను తగులుతూ పోతున్నారు. ఒక్కరూ కిందికి చూడలేదు. బట్టల దుకాణం అద్దంలో రోడ్డంతా కనిపించింది. బస్సు, పూల బండి, గొడుగు పట్టుకున్న ఒకామె. తాను మాత్రం కనిపించలేదు. బస్సు కదిలాక, చాలాసేపు వెతికితే, మూలన తన రిబ్బను కనిపించింది.

పోస్టాఫీసు వెనక సందులో వాళ్ళ ఇల్లు. లోయిస్ పరిగెత్తింది.

"అమ్మా." అమ్మ వెనక్కి తిరగలేదు. "అమ్మా." మూడోసారి పిలిచాక తిరిగింది.

"ఎప్పుడొచ్చినవే? తలుపు చప్పుడు సుత వినలే," అంది అమ్మ. తర్వాత ఫోన్ అందుకుంది. "గా హాస్టల్ నుంచి మెసేజ్ వచ్చింది. ముసోండా నిన్నటి సంది మాట్లాడతలేదట. ఇయాల నీ పేరు పిలిచినా నోరు తెరవలేదట."

"ఎప్పుడొచ్చింది మెసేజ్?"

"పదకొండు దాటినంక."

లోయిస్‌కు ఆటో, దుకాణం అద్దం గుర్తొచ్చాయి. "నేను పొద్దుగాలనే ఆబ్సెంటన్న అమ్మా. ఏ మెసేజూ రాకముందే."

"ఎందుకన్నవ్?"

"సిస్టర్ వస్తనని రాలే. కోపమొచ్చింది."

అమ్మ ఆమె జడ విప్పి, దువ్వెన తీసుకుంది. "గా పిల్లకు రోజూ సిస్టరే జడేసేదట," అంది.

గురువారం టీచర్ హాజరు పట్టీ తెరవకముందే లోయిస్ లేచింది.

"టీచర్, మొన్న... కాదు, నిన్న మెసేజ్ రాలేదు. నేనే అబద్ధం చెప్పిన. అందరినీ ఊకెనే నిలబెట్టిన."

అఖిలేష్ తల దించుకున్నాడు.

టీచర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నిన్న నేను కూడా సరిగ్గా అడగలేదు," అన్నారు. తర్వాత పేర్లు పిలిచారు. చివరికి వచ్చారు. "ముసోండా."

"ప్రెజెంట్ టీచర్," అంది లోయిస్. వరండాలో పోతున్న ఆయమ్మ ఆగి చూసేంత గట్టిగా అంది.

పదకొండింటికి రిసెస్ బెల్ కొట్టారు. అందరూ బయటికి పరిగెత్తారు. లోయిస్ వెళ్ళలేదు.

"టీచర్, ఒక్కసారి హాస్టల్‌కు ఫోన్ చేస్తరా?"

టీచర్ చేశారు. అక్కడి వార్డెన్ ఫోన్ తీసుకెళ్ళి ముసోండా చెవి దగ్గర పెట్టింది. లోయిస్ తనకు వచ్చిన ఇంగ్లీషులో మెల్లగా మాట్లాడింది. తను చేసిన తప్పు చెప్పింది. సిస్టర్ గుర్తొస్తున్నారని చెప్పింది. ఇవాళ నీ పేరు పిలిస్తే పలికానని చెప్పింది.

అవతల మాట లేదు. ఊపిరి మాత్రం వినిపించింది, చాలా దగ్గరగా, పక్క బెంచీలో ఎవరో కూర్చున్నట్టు. లోయిస్ పక్కకు చూసింది. బెంచీ ఖాళీగా ఉంది. భయమేసింది, అయినా ఫోన్ పెట్టేయలేదు.

"రేపు మళ్ళీ చేస్తా," అంది.

అప్పటినుంచి బడి ఉన్న ప్రతి రోజూ లోయిస్ రిసెస్ మానుకుని ఫోన్ చేస్తోంది. ఇవాళ్టికి తొమ్మిది ఫోన్లయ్యాయి. ముసోండా ఇంకా మాట్లాడలేదు, కానీ ఏ రోజూ ఫోన్ పెట్టేయలేదు.