జంట మార్చమన్నది ఎవరు

మేడంగారు బోర్డు మీద జంటలు మార్చి రాశారు. మందుల షాపు అమ్మాయి చూసింది. తన పేరు పక్కన లిఫ్ట్ మెకానిక్ పేరు లేదు. వేరెవరిదో ఉంది.

ఆ కాలేజీలో సాయంత్రంపూట కౌన్సెలింగ్ కోర్సు చెబుతారు. పగలు పని చేసుకునేవాళ్లే వస్తారు. జంటగా కూర్చుంటారు. ఒకరు బాధ చెప్పాలి, రెండోవారు వినాలి. బాధ నిజమైనా సరే, కల్పించినా సరే. వచ్చే వారమే పరీక్ష.

"ఎవరు మార్చమన్నారు మేడం?"

"అతనేనమ్మా. ఎందుకో అతన్నే అడుగు."

వరండాలో అతన్ని పట్టుకుంది. బయట వాన. అతని భుజాన పనిముట్ల సంచి.

"నన్నెందుకు వద్దన్నావు?"

అతను సంచి పట్టీ సర్దుకున్నాడు.

"బెల్లం కొట్టిన రాయిలా నిలబడకు. ఏడాదిగా నా ఎదురుగా కూర్చున్నావు. నువ్వే వద్దన్నావంటే నేనీ పనికి పనికిరాననే కదా?"

"నీకు చాలా కోపంగా ఉన్నట్టుంది."

"ఆ పాఠం నేనూ చదివాను. ఉన్నట్టుంది కాదు, ఉంది. ఒళ్లు మండిపోతోంది."

అతను చూపు వాన మీదికి తిప్పుకున్నాడు. "పోయిన వారం పాఠం గుర్తుందా? ఎవరికి కౌన్సెలింగ్ చెయ్యకూడదో."

"లేకేం. సొంతవాళ్లకి చెయ్యకూడదు. నేనేమైనా నీకు అత్తకూతుర్నా?"

"కాదు."

"లావాదేవీలున్న వాళ్లకి చెయ్యకూడదు. మా షాపులో నువ్వు తలనొప్పి మాత్రైనా కొన్న పాపాన పోలేదు."

"లేదు."

"ఇక మిగిలింది, మనం మనసు..."

ఆగిపోయింది. వాన చప్పుడు పెద్దదైంది.

"అదే," అన్నాడతను. "మొన్న మీ ఓనరు అందరి ముందూ తిట్టాడన్నావు. విని ఊరుకోలేకపోయాను. వెళ్లి వాడి కాలరు పట్టుకోవాలనిపించింది. అలాంటివాడు ఆ కుర్చీలో కూర్చోకూడదు."

"అది కల్పించి చెప్పింది. మా ఓనరు మా మేనత్త. నన్ను పల్లెత్తు మాట అనదు."

అతను తల గోక్కున్నాడు.

"ఈ సంగతి మేడంకి చెప్పావా?"

"చెప్పాను. చెప్పాలి కదా, రూలు."

"అంతా?"

"అంతా."

తగ్గిన కోపం మళ్లీ లేచింది. "నాకు చెప్పాల్సిన మాట ముందు ఆవిడ చెవిన వేశావా? నేనేమన్నా పరాయిదాన్నా? సరే, ఇప్పుడు నాకు చెప్పు. ఆవిడకి ఎలా చెప్పావో అలాగే. ఒక్క మాట తగ్గినా ఊరుకోను."

చెప్పాడు. నత్తినత్తిగా చెప్పాడు. ఆమె మధ్యలో అడ్డం రాలేదు. సలహా ఇవ్వలేదు. పూర్తిగా విన్నది. జవాబు మాత్రం చెప్పకుండా విసురుగా క్లాసులోకి నడిచింది. అతను బిక్కమొహంతో వెనకే గుమ్మం దాకా వచ్చాడు.

"మేడం, నాకూ అతనితో జంట వద్దు."

"నీకేమొచ్చిందమ్మా?"

"అతనికి వచ్చిందే నాకూ వచ్చింది. అతను ముందు మీకే చెప్పాడు కదా. అందుకే నేనూ ముందు మీకే చెబుతున్నాను."

గుమ్మంలో పనిముట్ల సంచి దబ్బున కింద పడింది.