సూదులత్త

"ఊరంతా నవ్వుకోవడానికి నీకు కన్నతల్లే దొరికిందటే!"

ఫోను కుట్టుమిషను మీద పెట్టి తల్లి భోరుమంది. గౌను పొడవు తగ్గించమని వచ్చిన నర్సమ్మ ఫోనులో ఒక బొమ్మ చూపించి, పొట్ట పట్టుకుని నవ్వి మరీ వెళ్ళింది. నెత్తి మీదికెక్కిన కళ్ళజోడు, మెడలో టేపు, పెదాల మధ్య నాలుగు గుండుసూదులు, గుమ్మడికాయంత ముక్కు... అచ్చం తనే! పేరు సూదులత్త. గీసింది ఎవరో కాదు, కడుపున పుట్టిన కూతురు!

అసలే కొడుకు ఇల్లు విడిచి ఇరవై రెండు రోజులైంది. ఫోనులో వీడియోలు చూసీ చూసీ, "మనవాళ్ళు కానివాళ్ళంతా శత్రువులే" అనే ఒక దండులో చేరిపోయాడు. "ఉద్యోగం బట్టలమ్మా" అంటే నమ్మి, ఆ దండు చొక్కా తన చేతులతోనే కుట్టిపెట్టింది పిచ్చితల్లి! ఇంకా ఎదుగుతాడేమోనని చిన్నప్పటి అలవాటు కొద్దీ ఒక వేలు వదులు కూడా ఉంచింది. ఇరవై మూడేళ్ళవాడు ఇంకేం ఎదుగుతాడు! ఆ చొక్కా తలుచుకుంటే చాలు, ఆమెకు తన చేతుల మీద తనకే అసహ్యం పుడుతోంది.

"ఏడవకమ్మా, ముందు ఇది చదువు" అంటూ కూతురు పక్కన కూర్చుంది.

బొమ్మలో దండు నాయకుడు బల్లెక్కి "ప్రాణాలివ్వండి!" అని అరుస్తున్నాడు. కింద సూదులత్త టేపు పట్టుకుని నిలబడింది. "అలాగే నాయనా, ముందు కొలతలు తీసుకోవాలిగా! మీ అబ్బాయిని కూడా పిలవండి, అందరికీ ఒకేసారి దండు చొక్కాలు కుట్టేస్తా." తర్వాతి బొమ్మలో నాయకుడు లేడు. బల్ల ఒక్కటే ఉంది.

తల్లికి ఏడుపులోనే నవ్వొచ్చేసింది.

"వాళ్ళ వీడియోల కిందే పెడుతున్నానమ్మా. నేను ఎన్ని మెసేజీలు పెట్టినా అన్నయ్య చదవడు. బొమ్మయితే చూస్తాడని... నిన్నయితే గుర్తుపడతాడని..." అంది కూతురు.

"చూశాడంటావా?"

"తెలీదమ్మా."

నాలుగో రోజు మధ్యాహ్నం తల్లి ఒక కాలరుకు సూదులు గుచ్చుతుండగా గుమ్మంలో నీడ పడింది. కొడుకు! చిక్కి సగమయ్యాడు. ఆ చొక్కా ఇప్పుడు వాడికి నాలుగు వేళ్ళు వదులు! నోటినిండా సూదులు... పిలుద్దామన్నా మాట రాలేదు ఆమెకు.

"అమ్మా... అక్కడ అందరం ఆ బొమ్మ చూసి నవ్వాం. తర్వాత ఉండబట్టలేక నేనే నాయకుణ్ణి అడిగాను, 'మీ అబ్బాయి ఎప్పుడొస్తాడు సార్' అని. చెంప పగలగొట్టాడమ్మా!"

తల్లి సూదులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. "విప్పరా ఆ చొక్కా!" అంది. అని, వాడు విప్పేలోగానే గుండెలకు హత్తుకుని బావురుమంది.

ఆ సాయంత్రమే బ్లేడు తీసుకుని ఆ చొక్కా కుట్లన్నీ తెంపేసింది. కూతురు మెల్లగా దగ్గరకొచ్చింది.

"ఇక సూదులత్తను తీసేస్తానమ్మా. నీకు కష్టంగా ఉందిగా."

"తీశావంటే ఊరుకోను! ఇంకా ఎంతమంది తల్లుల బిడ్డలున్నారో అక్కడ..." తల్లి కళ్ళు తుడుచుకుంది. "కాని, ఆ ముక్కు కాస్త తగ్గించవే!"

"వద్దే చెల్లీ! ముక్కు చూసే గుర్తుపట్టాను" అన్నాడు కొడుకు.

 తల్లి వాడిని నిలబెట్టి, టేపు తీసుకుని, మళ్ళీ మొదటినుంచీ కొలతలు తీసింది. ఒక వేలు వదులుతో సహా!