ఎడమ పక్కన గడియారం

మిట్టమధ్యాహ్నం చదరంగం హాల్లో సీక్రెట్ సర్వీస్ కోడ్ గుమాస్తా చచ్చిపోయాడు. నల్లపావులు ఆడుతున్నాడు. బంటు జరిపి, గడియారం బొత్తాం మీద అరచెయ్యి వేశాడు. చెయ్యి అక్కడే ఉండిపోయింది. నోటి వెంట నురగ వచ్చింది. మొహం బల్లకి కొట్టుకుని ముక్కు పగిలింది. బంట్లన్నీ నెత్తుట్లో పడ్డాయి. ఎదుట కూచున్న డాక్టర్ లేచి, నాడి చూసి, గుండెపోటన్నాడు. డాక్టరే అన్నాక కాదనేదెవరు?

సీక్రెట్ సర్వీస్ వైద్యుడు మాత్రం శవం గుండె చూడలేదు. అరచెయ్యి చూశాడు. నడిమధ్య సూదిపోటు ఉంది.

సర్వీస్‌లో అందరూ పెద్దాయన అని పిలిచే చీఫ్, ఆ ఆట నాటి ఫొటోని ఏజెంట్ గొళ్ళెం ముందుకు తోశాడు. గొళ్ళెం అన్నది ఆఫీసు పెట్టిన పేరు. కాపలా పనిలో అతన్ని దాటి ఎవరూ లోపలికి పోలేదు.

"ఈ డాక్టర్ ఎవరో తెలుసా?"

"చదరంగం ఆటగాడు."

"ఫారిన్ గూఢచారి రింగ్ లీడర్. మన కోడ్ తెలిసినవాళ్ళని ఒక్కొక్కరినీ బల్ల దగ్గరే లేపేస్తున్నాడు. సూదితో సహా దొరికితే తప్ప వాణ్ని ముట్టుకోలేం."

"తర్వాత ఎవరు?"

పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "మీ మామగారు."

కోడ్ తయారు చేసింది ఆ మామగారే. డాక్టర్ ఆయన్ని స్నేహపూర్వకంగా ఒక ఆటకి పిలిచాడు. వెళ్ళకపోతే డాక్టర్‌కి అనుమానం వచ్చి మాయమవుతాడు. అందుకని ఆయన వేషంలో గొళ్ళెం వెళ్ళాలి. విగ్గు, మీసం, చేతికర్ర సిద్ధంగా ఉన్నాయి. కర్రలో ఒక తూటా ఉంది. చిక్కు ఒక్కటే. మామగారు నల్లపావులతో ఎప్పుడూ ఒకే ఓపెనింగ్, అంటే ఒకే మొదటి ఎత్తుల వరస, ఆడతారు. ఆయన ఆటలన్నీ డాక్టర్‌కి కంఠతా వచ్చు. వేరే ఎత్తు వేస్తే వేషం ఊడినట్టే.

హాల్లో లోపలి మనిషి ఒకామె ఉంది. ఆటకి రిఫరీ. హాల్లోకి వచ్చిందంటే ఆటగాళ్ళు ఎత్తులు మరిచిపోయేంత అందగత్తె. కోడ్ నేమ్ సీతాకోక. డాక్టర్‌కీ పని చేస్తుంది, మనకీ పని చేస్తుంది. సూది నల్లపావులు ఆడేవాడి బొత్తాంలో ఉంటుందని కబురు పంపింది ఆమే.

మామగారినీ, గొళ్ళెం భార్యనీ అచ్చాఫీసు మేడ మీది గదిలో దాచారు. కింద మిషన్లు దడదడలాడుతుంటే పైన పాఠం జరిగింది. మామగారు స్వయానా మేనమామ కూడా. అల్లుడి మర్యాదలేమీ లేవు.

ఆయన తెల్లగుర్రాన్ని దూకించి, నల్లరాజు పక్కనున్న బంటు మీద గురి పెట్టాడు. గొళ్ళెం చెయ్యి బంటుని కాయబోయింది. సీసం పోసిన రాజుతో మామగారు వేలి కణుపుల మీద కొట్టాడు. తోలు లేచి నెత్తురు వచ్చింది.

"ఏం చేస్తున్నావురా?"

"కాపాడుకుంటున్నా, మామయ్యా."

"కాపాడుకుంటే మెల్లగా చస్తావు. వాడు నీ గుమ్మంలోకి వచ్చాడా? రానీ. నువ్వు శకటుని తీసుకెళ్ళి వాడి రాజు గుండెల మీద పెట్టు."

"నా ఏనుగు పోతుంది."

"పోనీ. మూలనున్న ఆ ఏనుగు కోసం వాడు నీ ఇంటి చివరిదాకా వస్తాడు. అక్కడ వాడి రాజు దిక్కులేనివాడవుతాడు."

తెల్లవిగ్గు దువ్వుతున్న భార్య తలెత్తకుండానే అంది. "నాన్నా, వేళ్ళు విరగ్గొట్టకు. గ్యాస్ సిలిండర్ ఎత్తేది ఆయనే."

ఆ ఓపెనింగ్ వంటబట్టేసరికి గొళ్ళెం చెయ్యి బూరెలా వాచింది. మామగారు రెండు రూల్స్ కూడా చెప్పాడు. గడియారం ఏ పక్కన పెట్టాలో చెప్పే హక్కు నల్లవాడిది. పావు కదిపిన చేత్తోనే గడియారం నొక్కాలి. మొదటి రూలు విన్నాక గొళ్ళెం గడియారాన్ని కుడి నుంచి ఎడమకి మార్చి చూశాడు. దాని మొహం రిఫరీకి కనపడేలా బయటి వైపే ఉండాలి కాబట్టి మార్చేటప్పుడు తిప్పాలి. తిప్పితే తన బొత్తాం ఎదుటివాడిదవుతుంది. సూది కూడా అటు పోతుంది. డాక్టర్ తన బొత్తాం ముట్టడానికి జంకగానే పట్టుకోవచ్చు.

గొళ్ళెం మొదటిసారి నవ్వాడు.

ఆట రోజున హాలు కిటకిటలాడింది. రేడియో కామెంటేటర్ మైకు పట్టుకుని మూలన కూచున్నాడు. గుమ్మంలోనే సీతాకోక గొళ్ళెం చేతికర్ర తీసేసుకుంది. అది ప్లానులో లేదు. గొళ్ళెం ముసలి గొంతుతో, గడియారం ఎడమకి పెట్టమని అడిగాడు. ఆమె మారు మాట్లాడకుండా మార్చింది.

డాక్టర్ తెల్లబంటు జరిపాడు. అరచెయ్యి చాచి, బొత్తాం మీద చప్పుడయ్యేలా కొట్టాడు. అతనికేమీ కాలేదు.

గొళ్ళేనికి అర్థమైంది. సీతాకోక తమని అమ్మేసింది. సూదిని ముందే తెల్లవాడి బొత్తాంలో పెట్టి, గొళ్ళెం నోటితోనే అడిగించి మార్చింది. ఇప్పుడది తన చేతి కింద ఉంది.

అతను బంటు జరిపి, పెన్ను క్యాపుతో నొక్కబోయాడు. సీతాకోక అతని మణికట్టు పట్టుకుంది. పావు కదిపిన చేత్తోనే నొక్కాలని తియ్యగా గుర్తు చేసింది. గొళ్ళెం నొక్కడం మానేశాడు. నొక్కకపోతే, ఎవరు ఆలోచించినా కరిగేది అతని టైమే. టైము అయిపోగానే పడిపోయే ఎర్రజెండా గడియారంలో మెల్లగా లేవసాగింది.

గుర్రాలు వచ్చాయి. శకటు వచ్చింది. డాక్టర్ తెల్లగుర్రాన్ని దూకించాడు. అచ్చం మేడ మీది గదిలో మామగారు దూకించినట్టే. తర్వాత ముందుకు వంగి, పెదవులు కదలకుండా మాట్లాడాడు.

"మీసం బాగా కుదిరింది, అల్లుడుగారూ. అచ్చాఫీసు కింద మావాళ్ళున్నారు. రేడియో వింటున్నారు. ఆట ముగిసిందని వినపడగానే మేడెక్కుతారు. మీరు లేచినా ముగిసినట్టే. జెండా పడినా ముగిసినట్టే."

"నొక్కితే?"

"అదీ అంతే. మీతో సహా."

గొళ్ళెం కాళ్ళు గుమ్మం వైపు లాగాయి. బతుకంతా అతను చేసింది ఒకటే పని. ఇంటి మీదికి ఎవరైనా వస్తే అడ్డంగా నిలబడటం. కింద మిషన్లు ఆగిపోయి, మెట్ల మీద బూట్ల చప్పుడు అవుతున్నట్టూ, భార్య దువ్వెన పట్టుకుని గుమ్మం వైపు తిరిగినట్టూ కనిపించింది. వాచిన చేతివైపు చూసుకున్నాడు. గుమ్మంలోకి రానీ.

శకటుని ముందుకు తోశాడు. బంటుని కాయలేదు.

డాక్టర్ గుర్రం బంటుని తినేసింది. గొళ్ళెం శకటు వెళ్ళి తెల్లరాజు పక్క బంటుని తిని చెక్ చెప్పింది. డాక్టర్ రాజుని పక్కకి జరిపాడు. గొళ్ళెం మంత్రిని కదిపాడు. మూలన ఏనుగు దిక్కులేకుండా నిలబడి ఉంది. గొళ్ళెం దానివైపు చూడను కూడా లేదు. జెండా అడ్డంగా లేచి నిలిచింది. ఇక పడటమే మిగిలింది.

డాక్టర్ ఏనుగు మీదికి చెయ్యి చాచాడు. బల్ల ఈ చివరిదాకా చాచాలి. గడియారం ఆ మూలకి ఆనుకునే ఉంది.

గొళ్ళెం ఆ మణికట్టు పట్టి తిప్పాడు. ఎముక పటుక్కుమంది. డాక్టర్ అరచేతిని నల్లబొత్తాం మీద పెట్టి, పైన తన మోచెయ్యి వేసి నొక్కాడు. గడియారం టక్కుమంది. పడబోతున్న జెండా అలాగే ఆగింది.

డాక్టర్ బాడీగార్డ్ వెనకనుంచి గొళ్ళెం మెడకి తీగ బిగించాడు. గొళ్ళెం కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. బాడీగార్డ్ తల నేలకి కొట్టుకుని పగిలింది. సీతాకోక పిస్తోలు పేల్చింది. గొళ్ళెం చెవి తమ్మె ఎగిరిపోయింది. అతను బాడీగార్డ్‌ని మీదికి లాక్కున్నాడు. రెండో తూటా వాడి గొంతులో దిగింది. గొళ్ళెం తన్నిన చదరంగం బల్ల ఎగిరి ఆమె మోకాళ్ళకి తగిలింది. పడిపోయిన ఆమె చేతిని గొళ్ళెం బూటుతో తొక్కాడు. వేళ్ళు నలిగి పిస్తోలు జారింది.

"నేనెప్పుడూ గెలిచేవాళ్ళ పక్షమే," అంది ఆమె రొప్పుతూ.

"ఇంకా ఎవరూ గెలవలేదు," అన్నాడు గొళ్ళెం. ఆమె కాళ్ళకి అదే తీగ చుట్టాడు.

జనం తొక్కుకుంటూ పరుగెత్తారు. కామెంటేటర్ మైకుతో సహా బల్ల కింద దూరాడు. ఆట ముగిసిందని మాత్రం అనలేదు.

డాక్టర్ పెదాలు నీలంగా మారాయి. విరిగిన చెయ్యి వేలాడుతుంటే, రెండో చెయ్యి కోటు జేబు వైపు పోయింది. గొళ్ళెం ముందే ఆ జేబు చింపేశాడు. లోపల విరుగుడు మందు ఉన్న సీసా దొరికింది. విషంతో బతికేవాడు విరుగుడు లేకుండా గడప దాటడు.

సీసా పైకెత్తి పట్టుకుని, గొళ్ళెం వేలితో డాక్టర్ వాచీ చూపించాడు. ట్రాన్స్‌మిటర్ అందులో ఉంది. డాక్టర్ మోకాళ్ళ మీద పడి, నురగ కక్కుతూ, వాచీలో కోడ్ వర్డ్ చెప్పాడు. "వాన వెలిసింది." మళ్ళీ చెప్పాడు. అవతలి నుంచి వెనక్కి వస్తున్నామని జవాబు వచ్చాకే గొళ్ళెం సీసా మూత తీశాడు. డాక్టర్ బతికాడు. సూది ఇంకా అతని అరచేతిలోనే ఉంది.

వెనుదిరిగిన మనుషుల్ని అచ్చాఫీసు సందు మొగలో పెద్దాయన పట్టుకున్నాడు.

గొళ్ళెం మేడెక్కేసరికి మామగారు రేడియో ముందు మూతి ముడుచుకుని కూచున్నాడు. భార్య అతని చెవికి గుడ్డ కట్టింది.

"పావు కదిపిన చేత్తోనే నొక్కాలని చెప్పానా?" అన్నాడు మామగారు.

"చెప్పావు."

"మరి నీ గడియారం వాడి చేత్తో నొక్కించావేం? రూలు ప్రకారం ఆట పోయింది. ఆడింది నా పేరు మీద. ఈ ఓపెనింగ్‌లో నాకిదే మొదటి ఓటమి."

గొళ్ళెం కూచుని పావులు పేర్చాడు. ఈసారి కూడా నల్లవే తన వైపు పెట్టుకున్నాడు. గడియారాన్ని మాత్రం కిటికీలోంచి బయటికి విసిరేశాడు.