గేటు మీటింగులో ఒక్కడు

వీరేందర్ ఆ మాట అన్న పొద్దున, బొగ్గుగని గేటు ముందు అందరి గ్లాసుల్లో చాయ్ గడ్డకట్టిందంటే మీరు నమ్మాలి. అదీ మే నెలలో, గోదావరిఖనిలో. నా గ్లాసైతే పగలగొట్టుకుని తాగాను.

ఎర్రజెండా యూనియన్ మీటింగు. మైకు వీరేందర్ చేతిలో ఉంది. "తండ్రి అన్‌ఫిట్ అయితే నౌకరి కొడుక్కిచ్చుడు బందు కావాలె. పరీక్ష పెట్టి అందరికియ్యాలె. కూలోళ్ళ పోరలు ఏం పాపం చేసిండ్రు?"

వారసత్వ ఉద్యోగాల కోసం సమ్మెలు చేసిన యూనియన్ అది. వీరేందర్ నౌకరీ కూడా వాళ్ళ నాయన నుంచి వచ్చిందే.

పక్కనే బీపీ క్యాంపు. టేబుల్ వెనక హాసిని. దవాఖానలో కార్మికుల నడుములు సరిచేసే ఫిజియోథెరపిస్టు, జ్యోతినగర్ ఆఫీసర్ల కాలనీలో ఉండే ఇంజనీర్ వెంకటరామయ్య గారమ్మాయి. వీరేందర్ చెయ్యి చాపగానే పట్టీ బిగించింది.

"జర మెల్లగ మేడం. చెయ్యి ఊడొస్తది."

"ఊడితే పరీక్ష పెట్టి ఇంకొకళ్ళకి ఇద్దాం. నా దగ్గరికి వంగిపోయి వస్తారే, ఆ నడుములకి కొడుకు ఉద్యోగమైనా దక్కకూడదా?"

"ఆఫీసర్ల బిడ్డ. మీరు పరీక్ష కావాలనాలె."

"మీరు ఎర్రజెండా. మీరు వద్దనాలి."

బీపీ ఎంతుందో ఇద్దరూ చూడలేదు.

ఆ రోజు నుంచి గనిలో అతని పక్కన అన్నం డబ్బా విప్పేవాడు లేడు. జతగాడు శివ కూడా కూరగిన్నె పట్టుకుని అవతలికి జరిగాడు. టోపీ దీపం వెలుగులో వీరేందర్ తన నీడను పలకరించాడట. నీడ కూడా యూనియన్ మనిషే కాబట్టి ముఖం తిప్పుకుందట.

మాట్లాడేది హాసిని ఒక్కతే. లేని నడుంనొప్పి పెట్టుకుని వెళ్ళేవాడు. ఆమె అతని నడుము వంచుతూ వాదించేది. ఆ తిట్లే అతనికి కబుర్లు.

అతను మైకులో అన్న సంగతి వెంకటరామయ్య గారికి తెలిసి, ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చారు. "నువ్వు మా మనిషివయ్యా. ఆ జెండా వదిలెయ్."

"నేను ఎర్రజెండానే సార్. సమ్మె జేస్తే ముందల నేనే ఉంట."

ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. కాఫీ సగంలోనే వీరేందర్ లేచొచ్చాడు.

కొన్నాళ్ళకు శివ దగ్గరికొచ్చాడు. "తప్పయిందని మైకుల ఒక్క మాట అను, అన్నా. మళ్ళ కలిసి తిందం."

"అనేస్త" అన్నాడు వీరేందర్, మర్నాడు దవాఖానలో హాసినితో. "ఒక్కణ్ణే తినబుద్ధయితలేదు."

ఆమె అతని నడుము వంచడం ఆపేసింది. "ఇన్నాళ్ళు నేను వాదిస్తే మారలేదు. కూర కోసం మారతారా? అలా మారితే మళ్ళీ నాతో మాట్లాడకండి."

తర్వాతి మీటింగు వానలో జరిగింది. పొద్దుటి షిఫ్టు దిగి వచ్చి వీరేందర్ మైకు తీసుకున్నాడు. "నా మాట తప్పని నాకు ఇప్పటికీ అనిపిస్తలేదు. జెండా మాత్రం ఇడువ."

శివ నేల చూశాడు. గొడుగులన్నీ ఒక్కొక్కటే కదిలిపోయాయి.

గేటు బయట హాసిని నిలబడి ఉంది. అందరూ చూస్తుండగా గొడుగు ముడిచి అతని బండి వెనక ఎక్కింది.

"మీరు చెప్పింది ఇప్పటికీ తప్పే."

"ఎరుకే."

"పెళ్ళయ్యాక కూడా తప్పే."

బండి ఒకసారి ఊగి నిలదొక్కుకుంది.

"మీ నాయిన ఏమంటడో."

"ఆయనకి నా మాటలూ గిట్టవు. మా ఇంట్లో నేనూ ఒక్కదాన్నే."

ఆమె ఇంటికి తిరిగే జ్యోతినగర్ మలుపు వచ్చింది. ఇద్దరూ చూశారు. బండి తిన్నగా ముందుకే పోయింది.