దోరా ఒడ్డు గాజు స్టూడియో

దోరా నది వంతెన దాటాక, ట్రాము పట్టాలు ఆగిపోయే చోట, కుడివైపుకి ఒక మట్టిదారి ఉంది. చీకటి పడ్డాక ఆ దారిన ఎవరూ వెళ్ళేవారు కాదు. ట్రాము దిగినవాళ్ళు అరమైలు చుట్టు తిరిగైనా ఇల్లు చేరేవాళ్ళు గాని అటు అడుగు పెట్టేవాళ్ళు కాదు. ఎందుకంటే ఆ దారి పక్కనే గాజు స్టూడియో ఉండేది.

పేరుకే స్టూడియో. నేను చెప్పేది పంతొమ్మిది వందల ముప్ఫై నాలుగో సంవత్సరం సంగతి. అప్పటికే అది పాడుబడి పదేళ్ళు దాటింది. మూకీ బొమ్మలు తీసే రోజుల్లో ఎండే దీపం కదా, అందుకని గోడలూ కప్పూ అన్నీ గాజు పలకలతో కట్టారు. సగం పలకలు పగిలిపోయాయి. మిగతా సగం పిచ్చితీగలు కప్పేశాయి.

రాత్రి ఏడు దాటాక అందులోంచి మగగొంతు వినిపించేది. ఏడుపు కాదు, అరుపు కాదు... ఎవరో పీక నొక్కుతుంటే ఒక్క మాట బయటికి తేవడానికి పెనుగులాడుతున్నట్టు. దాని వెనకే — టకటక, టకటక — ఏదో చక్రం తిరుగుతున్న చప్పుడు.

"నేను విన్నాను," అనేది వంతెన పక్క రొట్టెల కొట్టు తెర్సిల్లా. "పిండి పిసికే చేతులు నావి. రెండు రోజులు వణికాయి."

నేను నమ్మలేదు. వల్దొక్కో పేటలో ఓ చిన్న సినిమా హాల్లో ఇరవై ఏళ్ళు ప్రొజెక్టర్ తిప్పినవాణ్ణి. చచ్చిపోయినవాళ్ళు లేచి తెరమీద నడవడం రోజుకి మూడు ఆటలు చూసేవాడికి దెయ్యమంటే ఏం భయం? అయినా ఆ దారిన నేనెప్పుడూ వెళ్ళలేదు, అది వేరే సంగతి.

వెళ్ళింది నా మరదలు, మాతోనే ఉండే మా ఆవిడ చెల్లెలు దెల్ఫీనా. ఆమె చెప్పగా విన్నదే మీకు చెప్తున్నాను.

దెల్ఫీనాకి తొమ్మిదో ఏట జ్వరం తగిలి చెవులు పోయాయి. మాట పోలేదు గాని, తన మాట తనకే వినపడదు కాబట్టి గొంతులో ఎత్తూ పల్లం లేకుండా ఒకే తీరున మాట్లాడేది. అవతలివాళ్ళ పెదాలు కదిలితే చాలు, మాట పట్టేసేది. మూకీల కాలంలో ఈ పిల్లని హాలుకి తీసుకెళ్తే నా పరువు పోయేది. తెరమీద జమీందారు కౌంటు గారు మోకాళ్ళమీద కూచుని ప్రియురాలి చెయ్యి అందుకుంటాడు, హాలంతా కళ్ళు తుడుచుకుంటుంది, ఈవిడొక్కతే పడీపడీ నవ్వేది.

"ఏమిటే ఆ నవ్వు?"

"మళ్ళీ వెల్లుల్లి తిని వచ్చావా అంటున్నాడు బావా. ఈ బూట్లు బిగుతుగా ఉన్నాయి అని ఆవిడ."

మధ్యమధ్య తెరమీద చూపే అట్టమీద రాసేది ఒకటి, నటులు అనుకునేది ఒకటి. శబ్దం లేదు కదా అని ఏది పడితే అది వాగేవాళ్ళు. వాళ్ళ గుట్టు దెల్ఫీనా లాంటివాళ్ళకే తెలిసేది.

ఆ ఏడు నవంబరు రెండు, చనిపోయినవాళ్ళ రోజు. మా దగ్గర ఆ రాత్రి భోజనాల బల్లమీద ఉడికించిన చెస్ట్‌నట్ కాయలూ ఒక గిన్నెడు నీళ్ళూ పెట్టి, ఒక కుర్చీ వదిలి, పెందలాడే పడుకుంటాం. పోయినవాళ్ళు వచ్చి కూచుని తినాలి కదా. కాయలు తెచ్చే పని దెల్ఫీనాది. దర్జీ కొట్లో పని తెమలక ఆలస్యమైంది. అక్క చేతిలో చీవాట్లు తప్పవని అడ్డదారి పట్టబోయింది.

తెర్సిల్లా ఆమె శాలువా పట్టుకుని ఆపింది. "అటు వద్దే తల్లీ. ఇవాళ పొద్దుగూకిన దగ్గర్నుంచీ ఆ గొంతు..."

"వినిపిస్తే కదా భయపడ్డానికి?" అని శాలువా విడిపించుకుని వెళ్ళిపోయింది దెల్ఫీనా.

దారి పొడుగునా మంచు. నది వైపు నుంచి చలి.

సగం దూరం వెళ్ళాక ఆగింది. గాజు పలకల మీద వెలుగు... ఆడుతోంది. మంట వెలుగు కాదు. తెల్లగా, వణుకుతూ, ఆగి ఆగి.

చెవులు లేనివాళ్ళకి కళ్ళే ధైర్యం, కళ్ళే భయం. చూడకుండా వెళ్ళిపోవడం ఆమె వల్ల కాలేదు. పగిలిన పలక సందులోంచి లోపలికి తొంగి చూసింది.

గోడమీద ఒక స్త్రీ.

తెల్లటి గౌను. నడుం దాకా నీళ్ళు. మొహం ఇటే, ఒడ్డు అంచున వీపు మాత్రం కనిపిస్తున్న ఎవరో మగమనిషి వైపు. ఒక్కో అడుగూ లోతుకి దిగుతోంది... గుండెల దాకా... గడ్డం దాకా... మునిగిపోయింది. వెలుగు ఆరిపోయింది.

దెల్ఫీనా అక్కడే నిలబడిపోయింది. కాసేపటికి మళ్ళీ వెలుగు. మళ్ళీ అదే స్త్రీ, నడుం దాకా నీళ్ళలో.

ఆ వెలుగుకి ఇవతల ఒక ముసలివాడు. కుడిచెయ్యి గుండ్రంగా తిరుగుతోంది. ఎడమచెయ్యి ఆ స్త్రీ వైపు చాచి ఉంది. నోరు తెరిచి ఉంది, దవడ బిగుసుకుపోయింది, మెడమీద నరాలు తాళ్ళలా లేచాయి. ఏదో అనబోతున్నాడు. పెదాలు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాయి. ఎంతసేపు చూసినా ఆ మాట పూర్తి కాలేదు.

ఆ మొహాన్ని దెల్ఫీనా ఎరుగును. చిన్నప్పుడు వందసార్లు చూసిన మొహం అది. ఎవాసియో రొవేరో.

మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటాడు. నాటకాల్లో తెర లాగే పనితో మొదలై, నలభై బొమ్మల్లో నాయకుడు, అందులో ముప్ఫై తనే తీసినవి. మా హాల్లో అతని బొమ్మ పడితే జనం గోడలెక్కేవారు. అంత గొప్పవాడికీ ఒక లోపం, నత్తి. మామూలు నత్తి కాదు, మాట గొంతులో ఇరుక్కుంటే ఇక రాదు. మూకీలో దానితో పనేముంది? శబ్దం లేకుండా పెదాలు కదిపితే చాలు, నత్తి జాడే ఉండదు. సెట్టుమీద "తిప్పు", "ఆపండి" అని అరిచే పని మాత్రం భార్య ఇరీడెది. కథానాయికా ఆవిడే. భర్త నోట్లో మాట ఇరుక్కుంటే ఆవిడ అందుకుని పూర్తి చేసేది.

ఇరీడె పంతొమ్మిది వందల పదిహేడులో పోయింది. తర్వాత టాకీలు వచ్చాయి. రొవేరో గొంతు పరీక్షకి వెళ్ళి, తన పేరు చెప్పడం పూర్తికాకుండానే బయటికొచ్చాడట. బొమ్మల రీళ్ళన్నీ, ఫిల్ము కరిగించి దువ్వెనలు చేసే కార్ఖానాకి తూకానికి పోయాయి. మనిషి అర్జెంటీనా వెళ్ళాడన్నారు. ఎక్కడికీ వెళ్ళలేదు. తను కట్టించిన స్టూడియోలోనే కాపలావాడిగా చేరి, ఎవరి కంటా పడకుండా బతుకుతున్నాడు.

దెల్ఫీనా తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. ఆయన అదిరిపడి దీపానికి మూత వేశాడు, మూత అంచుల్లోంచి జారిన వెలుగు ఆయన మొహంమీద పడింది. ఏదో చెప్పబోయాడు. నోరు బిగుసుకుపోయింది.

"నాకు చెవుడు," అంది దెల్ఫీనా. "గొంతు వద్దు. పెదాలు చాలు నాకు."

ఆయన మొహం వెలుగుకేసి తిప్పాడు. తర్వాత పెదాలు కదిపాడు. మాట తర్వాత మాట, ఎక్కడా తడబాటు లేకుండా. పదిహేడేళ్ళలో ఒక మనిషితో అంత మాట్లాడటం అదే మొదటిసారట. గది నిశ్శబ్దంగా ఉండి ఉంటుంది. దెల్ఫీనాకి ఆ తేడా తెలియదు.

ఆయన చెప్పింది ఇది.

ఆ రోజుల్లో ఒక్కో బొమ్మకి రెండు ముగింపులు తీసేవారు. ఇక్కడికి సుఖంగా, రష్యాకి విషాదంగా. కథ సుఖంగా ముగిస్తే రష్యావాళ్ళు పెదవి విరుస్తారని వ్యాపారుల నమ్మకం. ఆ బొమ్మకి సుఖాంతం సెప్టెంబరు ఎండలో తీసేశారు. భర్త పరుగెత్తుకొచ్చి భార్యని నీళ్ళలోంచి పైకి లాగుతాడు. విషాదాంతం నవంబరు రెండున తీశారు. ఇదే దోరాలో, కొండల మంచు కరిగి వచ్చే నీళ్ళలో.

ఆ పొద్దున భార్యాభర్తలకి మాటా మాటా వచ్చింది. ముందురోజు పనివాళ్ళు ఎవరో, డైరెక్టరు గారికి గౌనే తొడగొచ్చు, ఎలాగూ పెళ్ళామే కదా డైరెక్టరు అని నవ్వుకుంటుంటే ఆయన చెవిన పడింది. దాంతో ఇరీడెతో అన్నాడు, "ఇవాళ ఆపండి అనేది నేను. నువ్వు నోరెత్తావో, ఇదే ఆఖరి బొమ్మ."

ఇరీడె సరేనంది.

ఆమె నీళ్ళలోకి దిగింది. ఒడ్డున భర్త వేషంలో రొవేరో, కెమెరాకి వీపు పెట్టి నిలబడ్డాడు. ఆమె గుండెల దాకా దిగగానే చాలనుకున్నాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. చేతులు ఊపాడు, జుట్టు పీక్కున్నాడు, మోకాళ్ళమీద పడ్డాడు... వెనక నిలబడ్డవాళ్ళంతా, ఆహా, ఏం నటిస్తున్నాడు అనుకున్నారు. కెమెరా తిప్పేవాడు కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ తిప్పాడు. రీలు అయిపోయేదాకా తిప్పాడు, ఆ తర్వాతే ఆమెని బయటికి లాగారు. 'ఆపండి' అనేమాట వినపడందే తిప్పడం ఆపకూడదు, నీళ్ళలో ఉన్నవాళ్ళు పైకి రాకూడదు. అది సెట్టు నియమం, ఆయన పెట్టిందే.

తొమ్మిదో రోజున ఊపిరితిత్తుల జ్వరంతో ఇరీడె పోయింది. ఈలోగా రష్యాలో ప్రభుత్వమే కూలిపోయింది. ఆ ముగింపు కొనేవాడే లేడు. ఎవరూ చూడని ముగింపు కోసం ఆమె పోయింది.

"చూడు," అన్నాయి ఆయన పెదాలు. "మునిగే ముందు ఏదో అంటుంది. ఆ రోజు నీళ్ళ హోరులో నాకు వినపడలేదు. పదిహేడేళ్ళుగా చూస్తున్నాను. ఆపమని నన్ను బతిమాలుతోందనుకుంటాను. ఒక్కోసారి తిడుతోందనుకుంటాను. ఏదైనా సరే, చెప్పమ్మా. తిట్టయినా సరే, మార్చకుండా చెప్పు."

రీలు తిప్పడం మొదలెట్టి, కార్బైడ్ దీపానికి మూత తీశాడు.

దెల్ఫీనా గోడకి దగ్గరగా వెళ్ళింది. ఇరీడె దిగింది. చలికి పెదాలు నల్లబడ్డాయి, వణుకుతున్నాయి. అయినా పట్టుకుంది. రెండోసారి తిప్పమంది. మూడోసారీ తిప్పమంది, ఎందుకంటే నమ్మలేకపోయింది.

ఆ తర్వాత వెనక్కి తిరిగి, ఎత్తూ పల్లం లేని తన గొంతుతో చెప్పింది.

"నిదానంగా అను, ఎవాసియో. తొందరేం లేదు. నేనున్నాను."

ఆయన పెదాలు కదిపాడు. "ఎప్పుడూ అదే అనేది. నాకు మాట ఇరుక్కున్నప్పుడల్లా అదే అనేది."

ఆ రాత్రి గాజు స్టూడియో తగలబడింది. దెల్ఫీనా ఆ ముసలాయన్ని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చి, ఎక్కడికి తీసుకెళ్ళాలో తోచక మా ఇంటికే తెచ్చింది. పెద్దల కోసం వదిలిన కుర్చీలో కూచోబెట్టి, చెస్ట్‌నట్లు ముందుకి జరిపింది. అలికిడికి లేచి వచ్చిన మా ఆవిడ, మసి కొట్టుకుపోయి ఆ కుర్చీలో కూచుని తింటున్న మనిషిని చూసి గోడకి చేరగిలబడిపోయింది. పాపం, దాన్ని అనాల్సిందేముంది.

దెయ్యం తనని తనే తగలబెట్టుకుందని ఊరంతా అన్నారు. తెర్సిల్లా ఇంకో మాట కూడా అంది. మంటలు లేవడానికి ముందు ఆ గొంతు గట్టిగా ఒక మాట అందట. మూలుగు కాదు, మనిషి మాట. ఏమందో తెలియదు, భయంతో చెవులు మూసుకున్నానంది.

రొవేరో మరుసటి వసంతంలో ముసలివాళ్ళ ఆశ్రమంలో పోయాడు. నర్సులకి ఆయన గొంతు ఎలా ఉంటుందో తెలియదు. దెల్ఫీనా మాత్రం ఆదివారం ఆదివారం వెళ్ళి గంటలకొద్దీ కబుర్లు చెప్పుకుని వచ్చేది.

ఒక్కటే నాకు కొరుకుడు పడలేదు. ప్రొజెక్టర్ ముట్టుకున్న ప్రతివాడికీ మొదటిరోజే నేర్పే పాఠం ఒకటుంది. దీపం ముందు ఫిల్ము కదులుతూనే ఉండాలి. చెయ్యి ఆగిందా, వేడికి అక్కడికక్కడే అంటుకుంటుంది. పదిహేడేళ్ళు ఆ ఒక్క రీలుని కంటిపాపలా కాచుకున్నవాడు ఆ తప్పు ఎలా చేశాడు? రొవేరోని మట్టిచేసి వచ్చిన రోజున దెల్ఫీనాని అడిగాను.

ఆమె చేతిలో కుట్టుపని ఒళ్ళో పెట్టుకుంది.

"నేను చెప్పాక, మళ్ళీ మొదటినుంచి తిప్పాడు బావా. ఆవిడ దిగింది. నడుం దాకా, గుండెల దాకా, గడ్డం దాకా. ఆవిడ పెదాలు కదిలాయి. ఈయన తొందరపడలేదు. నిండా ఊపిరి తీసుకున్నాడు. గొంతుతో అన్నాడో, ఒట్టి పెదాలతో అన్నాడో నాకు తెలీదు గాని, మాట పూర్తిగా వచ్చింది. ఆపండి అన్నాడు. అని, చెయ్యి ఆపేశాడు."

ఆమె కుట్టుపని మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"మంట లేవడానికి ముందు ఒక్క క్షణం, గోడమీద ఆవిడ అలాగే నిలబడిపోయింది. ఆయన్నే చూస్తూ. మునగలేదు బావా."