గ్రీజు వేసిందెవరు?

“మళ్ళీ మీరేనా?” అందామె, లేత్ మీద నుంచి తల ఎత్తకుండానే.

“మళ్ళీ మీరే కదండీ ఫోన్ చేసింది,” అన్నాడు మెకానిక్, టూల్ బ్యాగు గుమ్మం పక్కన దించుతూ.

“నేను షాపుకి చేశాను. మీకు కాదు.”

“షాపులో ఉండేది నేనూ, మా గురువుగారూను. గురువుగారు టీకి వెళ్తే సాయంత్రానికి గానీ రారు. వెయిట్ చేస్తారా?”

ఆమె లేత్ చక్రం చూపించింది. తిప్పి చూడమన్నట్టు. అతను తిప్పాడు. బడికి లేపిన పిల్లాడిలా అది కాస్త కదిలి, మూలిగి, మొరాయించింది.

ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉన్న, ఇనుము చెక్కే ఆ లేత్ ఆమెకంటే వయసులో పెద్దది. నాన్న పెళ్ళికి ముందే దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. అందుకే అమ్మ దాన్ని ‘మీ పెద్దావిడ’ అంటుంది. నాన్నకి నడుం నొప్పి వచ్చి, వంగకూడదని డాక్టరు చెప్పిన రోజున అమ్మ చాలా బాధపడింది. బాధపడుతూనే నాన్నని షెడ్డు గడప తొక్కనివ్వకుండా చేసింది. అప్పటి నుంచి పంపు సెట్లకి పిన్నులూ బుష్‌లూ దాని మీద చెక్కి ఇచ్చేది కూతురే.

పని పోయింది గానీ నాన్నకి సిద్ధాంతాలు పోలేదు. అన్నిటికంటే పెద్ద సిద్ధాంతం నూనె, గ్రీజుల గురించి. నూనె కారిపోతుంది, గ్రీజు అంటిపెట్టుకుని ఉంటుంది. దీన్ని ఆయన పెళ్ళి సంబంధాలకి కూడా వాడతాడు. మొన్న ఉద్యోగం, కారు, నున్నటి క్రాపు ఉన్న కుర్రాడు వచ్చి వెళ్ళాక, “నూనె రకం. ఇవాళుంటాడు, రేపు కారిపోతాడు,” అని ఒక్క మాటలో తేల్చేశాడు. ఆ ఒక్కసారికి ఆమె సిద్ధాంతానికి దణ్ణం పెట్టుకుంది.

ఇప్పుడు మాత్రం నాన్న తీర్మానం వేరు. “ముసలిదైపోయింది పాపం. ఇంకోసారి మొండికేస్తే అమ్మేద్దాం. దాన్ని హింసపెట్టకూడదు.” మావయ్య అప్పుడే పాత ఇనుము వ్యాపారితో మాట్లాడేశాడు. షెడ్డు అద్దెకిస్తారట. ఆమె మావయ్య ఫ్యాన్ల షోరూంలో బిల్లింగ్ కౌంటర్ దగ్గర కూర్చోవాలట. “ఏసీ పిల్లా, ఏసీ!” అంటాడు మావయ్య, అక్కడికి తనే కనిపెట్టినట్టు. ఆ కౌంటర్ తల్చుకుంటేనే ఆమెకి ఊపిరాడదు. అక్కడ ఏ మీట నొక్కినా ఉక్కు తునక మెలి తిరుగుతూ లేవదు.

“ఇది మొండికేసిన సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు,” అంది గొంతు తగ్గించి. “చెబితే రేపే లారీ వస్తుంది.”

అతను నవ్వు ఆపి, నూనె పోసే కన్నంలోకి సన్నటి తీగ దూర్చాడు. చివర నల్లటి ముద్ద వచ్చింది.

“మళ్ళీ గ్రీజు! ఇది కుక్కితే నూనె లోపలికెలా వెళ్తుంది? పైగా ఇనుప పొడి దీనికి అతుక్కుని లోపలంతా ఆకురాయిలా రాస్తుంది.”

“నేను రోజూ పొద్దున్నే తుడిచి నూనే పోస్తున్నాను.”

“నేనూ పోయినసారి కడిగి నూనే పోశాను.”

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆమెకి ఈ అనుమానం అంతకుముందే వచ్చింది. మళ్ళీ పిలిపించుకోవడానికి ఇతనే వెళ్తూ వెళ్తూ గ్రీజు కుక్కుతున్నాడేమోనని. కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ కోపంతో ఇవాళ అద్దం ముందు నిలబడి జడ రెండోసారి ఎందుకు వేసుకుందో ఆమెకే తెలియదు.

“ఒక మాట అడగనా? కోప్పడకూడదు,” అన్నాడతను. “నన్ను పిలవాలంటే ఊరికే పిలవచ్చు కదండీ. నోరు లేని మెషిన్‌ని బాధపెట్టడం దేనికి?”

“ఏంటీ! నేను వేశానా?”

“మరి నేనా?”

“మీరే అనుకుంటున్నా!”

“నాకంత తెలివుంటే గురువుగారు టీకి వెళ్ళేవారా? షాపు నాకు వదిలేసి ఇంటికే వెళ్ళేవారు!”

ఆమెకి నవ్వొచ్చింది. దాచుకోవడానికి కిరసనాయిలు డబ్బా అందించింది. ఇద్దరూ కలిసి కన్నాలన్నీ కడిగారు, గుడ్డతో తుడిచారు, నూనె పోశారు. చక్రం వేలితో నెడితే తిరిగేలా అయింది.

“దొంగని పట్టుకుందాం,” అందామె. ఇంటి వైపు తిరిగి, “నేను భోజనానికి వెళ్తున్నా!” అని గట్టిగా అరిచింది. ఇద్దరూ ఇనుప బీరువా వెనక దాక్కున్నారు. అంతలో వాన మొదలై రేకుల మీద డప్పులు కొట్టింది. బీరువా వెనక చోటు ఒకరికి సరిపోయేంత. కిరసనాయిలు వాసన ఇంత బావుంటుందని ఆమెకి అంతవరకూ తెలియదు.

తలుపు కిర్రుమంది. నెత్తిన గోనె సంచీ, చేతిలో అమ్మ పొద్దుటి నుంచీ వెతుకుతున్న స్టీలు డబ్బా పెట్టుకుని నాన్న వచ్చాడు.

“ఏం పెద్దావిడా,” అన్నాడు, మూలుగుతూ వంగి. “చుక్క నూనె పోసి సరిపెడుతున్నారా నీకు? వెళ్ళిపోయేదానివి, కడుపునిండా తిను.” డబ్బాలోంచి గ్రీజు తీసి బొటనవేలితో కన్నంలోకి కుక్కుతూ కళ్ళు తుడుచుకున్నాడు. నుదుటి మీద నల్లటి చార పడింది.

“నాన్నా!”

“అమ్మకి చెప్పకే! వంగొద్దంది!” అని డబ్బా వీపు వెనక దాచుకోబోయి, ఆమె వెనకే వస్తున్నవాణ్ణి చూశాడు. “నువ్వేంటయ్యా బీరువా వెనక?”

“మిమ్మల్ని పట్టుకోవడానికండీ,” అన్నాడు మెకానిక్. వెంటనే సర్దుకుని, “అంటే, నడుం పట్టేస్తే,” అన్నాడు.

ఇందాక తీగతో తీసిన ముద్దని ఆమె నాన్న వేళ్ళ మధ్య పెట్టింది. ఆయన నలిపాడు. ఇసకలా గరగరలాడింది. ఆయన మొహం పాలిపోయింది.

“అంటే, నేనే చంపుతున్నానా దీన్ని?”

“చంపలేదు నాన్నా. ముద్దు చేశావు, అంతే.”

ఆయన చక్రం మీద చెయ్యి వేసి నిమిరాడు. తర్వాత, “ఆ లారీ వద్దని మీ మావయ్యకి చెప్పు,” అని, వాన చూడడానికన్నట్టు గుమ్మం దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు.

“అయితే మీరు కాదన్నమాట,” అందామె.

“మీరూ కాదన్నమాట.”

గెలిచినవాళ్ళ గొంతుల్లా లేవు రెండూ.

“అంత నీరసంగా అన్నారేం?”

“మీరెందుకన్నారో అందుకే,” అన్నాడతను బ్యాగు సర్దుకుంటూ. “ఇక ఇది పాడవదు. నేను రానక్కర్లేదు.”

ఆమె నూనె డబ్బా అతని చేతిలో పెట్టింది. “రోజూ పొద్దున్నే పోయాలి. అన్ని కన్నాలు నాకు గుర్తుండవు.”

“నిన్నటిదాకా గుర్తున్నాయిగా?”

“ఇవాళే మర్చిపోయాను.”

గుమ్మం దగ్గర నాన్న దగ్గాడు. “ఇంతకీ ఈ అబ్బాయి గ్రీజు రకమా, నూనె రకమా?”

“నూనె రకమే నాన్నా. అందుకే రోజూ రమ్మంటున్నాను.”

నాన్న ఆలోచనలో పడ్డాడు. సిద్ధాంతం మార్చుకోవడం ఆ వయసులో నడుం వంచడం కంటే కష్టం. అంతలో వంటింట్లోంచి అమ్మ కేక వినిపించింది. “ఏమండీ! నా స్టీలు డబ్బా ఏమైంది?”

నాన్న చేతిలోని డబ్బా వంకా, అల్లంత దూరంలో ఉన్న వంటింటి వంకా దిక్కుతోచక చూశాడు.

“నేను తీసుకున్నానండీ! కిరసనాయిలుకి!” అని అరిచాడు మెకానిక్.

ఆ ఒక్క అబద్ధంతో సంబంధం ఖాయమైపోయింది.