సాంచాల షెడ్డు పైగది పిల్ల

లింబాయత్‌లో ఆ సాంచాల షెడ్డు, అంటే మరమగ్గాల షెడ్డు, పేరెత్తితే పట్టపగలే జనానికి చెమటలు పట్టేవి. కాకులు కూడా దాని మీదుగా ఎగరక, రింగ్ రోడ్ దాకా చుట్టు తిరిగి పోయేవట.

అంతా పైగదిలో ఉన్న ప్రసన్న వల్లే. పద్నాలుగేళ్ల పిల్ల, తల్లీ తండ్రీ లేరు. ఆమె ఎవరిని పేరు పెట్టి పిలిస్తే వాళ్లకు మూడో రోజుకు కరోనా జ్వరం... అట్లా నలుగురు పోయారు. ఆ మాట గల్లీ చివరికి చేరేసరికి ఆ నలుగురు నలభై మందయ్యారు. ఇక చిన్నమ్మ ఐలమ్మే పిల్లను పైగదిలో పెట్టి తాళం వేసింది.

మరి బువ్వ ఎవరు పెట్టాలి?

సాంబయ్య. ముప్పై ఏళ్లు సాంచాల మోతలో పనిచేసి చెవులు రెండూ పోగొట్టుకున్నవాడు. పక్కన పిడుగు పడ్డా ఎవరో తుమ్మారనుకుంటాడు. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకుంటాడు. పిలుపే వినపడనివాడికి భయమేముంది?

రోజూ చీకటి పడ్డాక వెళ్లి, కిటికీలోంచి వేలాడే తాడుకు డబ్బా కట్టేవాడు. అది పైకి పోయేది... కాసేపటికి ఖాళీ అయి, కడిగి, కిందికి దిగేది. పైన మూతికి చున్నీ కట్టుకున్న నీడ.

ఒక రాత్రి డబ్బా కడుతున్నాడు —

టక్ టక్ టక్ టక్...

సాంచాల మోత. నలభై రోజులుగా కరెంటు లేని షెడ్డులో. పదేళ్లుగా ఏమీ వినని చెవుల్లో.

తలెత్తాడు. ప్రసన్న మొదటిసారి చున్నీ దించింది. వెన్నెల్లో పెదవులు కదిలాయి.

"జరమొచ్చేటోళ్లు నాకు ముందుగాల్నే కనపడ్తరు మామా. చెప్పుదామనే పిలుస్త... ఇయ్యాల మంగత్త. జల్ది దవాఖానకు తీస్కపో."

మంగ సాంబయ్య పెళ్లాం. ఇంట్లో రొట్టెలు చేస్తోంది. "నాకేంది, బండ లెక్కున్న" అంది. ఆయనకెట్లాగూ వినపడదు, చెయ్యి పట్టి లాక్కుపోయాడు. తెల్లారేసరికి ఆమెకు ఊపిరాడలేదు. అప్పటికే ఆక్సిజన్ పెట్టి ఉండబట్టి బతికింది.

వారం తర్వాత మంగ లేచి కూర్చున్న రోజు, సాంబయ్య షెడ్డు దగ్గర ఖాళీ డబ్బా తీసుకుని నేరుగా ఐలమ్మ గడపకు వెళ్లాడు.

"తాళం తియ్యి చెల్లె. ఆ పిల్ల నా ఇల్లు నిలబెట్టింది."

ఐలమ్మ మాస్కు కిందికి లాగింది.

"ప్రసన్న పోయి పదకొండు దినాలాయె అన్నా. మున్సిపాలిటీ బండి తీస్కపోయింది. నీకు చెప్పినం గద... తల్కాయ గూడ ఊపితివి."

నిజమే, ఊపాడు. ఆ రోజు అందరి మూతులకూ మాస్కులే.

సాంబయ్య చేతిలోని డబ్బా వైపు చూశాడు. కడిగిన తడి ఇంకా ఆరలేదు.